పెద్దపీట యే పాటలకు?

కొన్ని వారములుగ మన సమాజ మందిరమున నొక వివాదము సాగుచున్నది. పద్దుల విషయమై గాని పదవుల విషయమై గాని పుట్టినది కాదు గనుక మొదట దానిని మేము పట్టించుకొనలేదు. తెలుగు చలనచిత్రములలో పాటల సంపుటములుగ నెన్నదగినవి పది యేవి, వానిలో మొదటి దేది, పదవ దేది యని మన యువకులు కొందరు సంఖ్యలు వేసి యొక పట్టిక తయారు చేసి, దానిని ఈ పత్రికలో ప్రకటింపుడని కోరినారు. అందు 'గీతాంజలి' మొదటిది, 'శంకరాభరణం' రెండవది, 'సాగరసంగమం' మూడవది, 'మాయాబజార్' నాలుగవది. 'మల్లీశ్వరి' ఐదవ స్థానమునకు దిగినది. అది చూచిన పెద్దలలో నొకరు, ఆ పట్టికను అచ్చు వేయుటకన్న ఆ వారము పత్రికను మానివేయుట మేలనినారు. అంతకన్న చిన్నవారు మరికొందరు, పదియేండ్లకు పైబడిన పాట యొక్కటియైన లేకున్నను తమకు లోటు లేదనినారు. తుదకు చీట్ల మీద వోట్లు తీసి, గెలిచిన పది చిత్రముల పాటలతో ఉగాదికి గానసభ నడుపుదమని ప్రతిపాదన వచ్చినది. ఆ ప్రతిపాదన కార్యవర్గము ముందునకు రాక పూర్వమే మా యభిప్రాయమును పాఠకుల ముందుంచుట మంచిదని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

భాషా మైనారిటీ సంఘమునకు సినిమా పాటల గొడవ యేల యని అడుగువారు గలరు. బడులలో తెలుగు తరగతులు సన్నగిల్లుచుండగా, ఉపాధ్యాయుల కొరకు అర్జీల మీద అర్జీలు పంపుకొనుచుండగా, పాటలకు స్థానములు కట్టుచు గూర్చుండుట తగునా యని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం సీమ చెన్నపట్టణపు రాజధాని నుండి విడివడి ఒడిశాలో చేరినది. ఆ సంవత్సరముననే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరము చేరుకొనిరి. మన తాతలు విడువలేదు. ఇల్లు, అంగడి, మగ్గము, గుడి అన్నియు నిక్కడనే యున్నవి గనుక ఇక్కడనే నిలిచినారు. (వాడుక భాషకై జీవితమంతయు పోరాడిన పంతులుగారు, అంత కాలము మన పొరుగున నుండియు, మా వంటివారి చేత ఈ గ్రాంథికపు వ్రాతను మాన్పింపలేక పోయినారు. అది వేరు సంగతి.) అప్పటి నుండి నాలుగు తరములు గడచినవి. నేటి మన బిడ్డ బడిలో ఇంగ్లీషు, వీధిలో ఒడియా, ఇంటిలో నాయనమ్మతో తెలుగు మాటలాడును. మూడు భాషలును తడుముకొనక మాటలాడును. అందులకు సంతసింపవలసినదే. కాని తెలుగు అక్షరము కనబడిన చూపు త్రిప్పుకొనును. అట్టి బిడ్డకు కంఠస్థముగ వచ్చిన తెలుగు ఏపాటి యని లెక్క తీసిన, సుమతీ శతకము లేదు, పోతన పద్యము లేదు, ఉన్నవి సినిమా పాటలు మాత్రమే. పల్లవి, రెండు చరణములు తప్పు లేకుండ అప్పజెప్పును. ఆ పాట తీసివేసిన, వంటయింటి మాటలు తప్ప వానికి తెలుగనునది మిగులదు. కావున ఏ పాట గొప్పది యని వారు కొట్లాడుకొనుచున్నారన్న, మేము ఏటేట వ్రాసి ఫైలున దాచు తీర్మానములకన్న ఎక్కువ పని యేదో జరుగుచున్నదని మేము నమ్ముచున్నాము.

కలహము మంచిదే. వోటు సంగతి యట్లు కాదు.

పాటలకు స్థానములు కట్టుట ఈనాడు పుట్టిన వేడుక కాదు. 1952లో రేడియో సిలోను నుండి అమీన్ సయానీగారు 'బినాకా గీత్‌మాలా' ప్రారంభించినారు. అప్పుడు సమాచార శాఖను చూచుచుండిన కేస్కర్‌గారు ఆకాశవాణిలో సినిమా పాటలకు తలుపులు మూసినందున దేశమంతయు సిలోను వైపు చెవులు త్రిప్పినది. రికార్డుల అమ్మకములను, శ్రోతల సంఘములు పంపు ఉత్తరములను చూచి పాటలకు మెట్లు కట్టెడివారు. ఒక్కొక్క స్థానమును వారు 'పాయిదాన్' అనెడివారు, అనగా మెట్టు. వారము వారము పాట యొక మెట్టెక్కుట, ఒక మెట్టు దిగుట విని జనులు పందెములు వేసికొనెడివారట. 1957లో వివిధభారతి వచ్చు వరకు, వచ్చిన తరువాత కూడ చాల కాలము, ఆ మెట్ల ముచ్చట తగ్గలేదు. కాని గమనింపవలసిన విషయ మొకటి. ఆ మెట్ల మీద తెలుగు పాట యొక్కటియు లేదు. అది హిందీ పాటల కార్యక్రమము. అదే సిలోను నుండి మధ్యాహ్నపు వేళ మీనాక్షి పొన్నుదురైగారు తెలుగు పాటలు వినిపించుచుండిరి. ఆమె గొంతు గుర్తున్న పెద్దలు మనలో నింకను గలరు. ఆ పాటలకు మెట్లు లేవు, పందెములు లేవు. అందువలన అవి తక్కువవి యగునా?

ఇతర దేశముల ముచ్చట కొంత చెప్పెదము. ఇంగ్లండులోని లివర్‌పూల్ పట్టణమున పుట్టిన 'బీటిల్సు' అను నలుగురు యువకుల వాద్యబృందము పేరు మన పిల్లలకు తెలియును. పెద్దలకు, 1968లో ఋషీకేశమునకు ధ్యానము నేర్చుకొన వచ్చినవారనిన గుర్తుండవచ్చును. వారిలో జార్జ్ హారిసన్ అను నతడు పండిత రవిశంకర్‌గారి వద్ద సితారు నేర్చుకొనెను. ఈ బృందమువారి సంపుటములలో ఏది గొప్పదను వాదము అరువది యేండ్లుగ తెగుట లేదు. 1966 నాటి 'రివాల్వర్' అందురు కొందరు, 1967 నాటి 'సార్జంట్ పెప్పర్' అందురు మరికొందరు, 1969 నాటి 'ఆబీ రోడ్' అనువారు వేరు. అమెరికాలోని 'రోలింగ్ స్టోన్' పత్రికవారు 2003లో సంగీతజ్ఞులను, విమర్శకులను అడిగి సర్వకాలములకు గొప్పవైన అయిదువందల సంపుటములని యొక పట్టిక వేసినారు. అందు 'సార్జంట్ పెప్పర్'కు మొదటి స్థానము. 2020లో మరల క్రొత్తగ వోట్లు తీసినారు. ఈసారి మొదటి స్థానము మార్విన్ గే అను నల్లజాతి గాయకుని 1971 నాటి సంపుటమునకు వచ్చినది. 'సార్జంట్ పెప్పర్' ఇరువదినాలుగవ స్థానమునకు జారినది. అదే బృందమువారి 'ఆబీ రోడ్' దానికి పైన ఐదవదిగ నిలిచినది. ఈ పదునేడేండ్లలో ఆ ప్లేటు మీది పాటలలో ఒక్క స్వరమైన మారలేదు. లెక్కించినవారు మారినారు. సర్వకాలములకు అన్న మాట పదునేడేండ్లు నిలిచినది.

వర్తకమున నున్నవారము గనుక మాకు తెలిసిన దొకటి చెప్పెదము. సంవత్సరాంతమున ఏ సరుకు ఎక్కువ పోయినదో ఖాతా చూచి చెప్పవచ్చును. అది గిరాకి. ఏ సరుకు మేలైనదో చేతితో పట్టి, వెలుతురున నిలబెట్టి, అంచు చూచి చెప్పవలెను. మన బరంపురము పట్టు విషయమున ఈ రెండింటికి నుండు భేదము నేతపని తెలిసిన ఏ యింటివారికైనను మేము చెప్పనక్కరలేదు. వోటు గిరాకిని చెప్పును.

ఇంతకన్న ముఖ్యమైన దింకొకటి గలదు. మనము సంఖ్యలో చిన్నవారము. ఎందరున్నారు, ఎందరు చదువుచున్నారు, ఎందరు వోటు వేయుదురు అని అడిగి, సంఖ్య చాలదని మన తరగతులను, మన కోరికలను ప్రక్కకు పెట్టుట మనకు క్రొత్త కాదు. సంఖ్య చాలనంత మాత్రమున భాషకు విలువ తగ్గదని ప్రతి అర్జీలోను వ్రాయుచున్నాము. అట్టి మనము మన మందిరములోనే, ఎక్కువ చేతులు లేచినవి గనుక ఈ పాట గొప్పది, తక్కువ చేతులు లేచినవి గనుక ఆ పాటను సభలో పాడవద్దు అని నిర్ణయించుట ఎట్లుండును? ఎనుబది యేండ్లు దాటి, 'విప్రనారాయణ' పాటలను నేటికిని తలచుకొను ఇల్లాండ్రు మన వీధులలో నెందరుందురు? చీట్ల లెక్కలో వారు నిలువరు. వారు నిలువరు గనుక 1954 నాటి ఆ పాటలు సభకు రావు. సభకు రానివి పిల్లల చెవిని పడవు.

యువకులు దీనికి బదులు చెప్పినారు. 2013లో భారతీయ సినిమా నూరేండ్ల సందర్భమున సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. టెలివిజనువారు దేశమంతట వోట్లు తీసినప్పుడు 'మాయాబజార్' గొప్ప భారతీయ చిత్రముగ గెలువలేదా, అప్పుడు మనమందరము మిఠాయి పంచుకొనలేదా, మన చిత్రము గెలిచిన వోటు మంచిది, ఓడిన వోటు చెడ్డది యగునా అని. మంచి దెబ్బయే. గెలుపునకు మేమును సంతోషించినాము. కాని ఆ వోటు లేకున్న 'మాయాబజార్' తక్కువదని మనలో నెవరైన అనుకొని యుందురా? 1957 మార్చి 27 నుండి 2013 వరకు అది ఏ వోటు చేత నిలిచినది? మరియొకటి కూడ వారడిగినారు. వోటు వద్దన్న, అయిదుగురు పెద్దలు కూర్చుండి తీర్పు చెప్పవలెనా అని. అదియును మాకు సమ్మతము కాదు. పెద్దల తీర్పులలో పాటకన్న తమ యౌవనము మీది ప్రేమ ఎక్కువగ నుండునన్న మాటలో కొంత నిజమున్నది.

తీర్పు సంగతి తరువాత చూతము. అసలు 'సంపుటము' అనునదేమో ముందు తేల్చుకొనవలెను. యువకులు 'ఆల్బమ్' అనుచున్నారు. 'మల్లీశ్వరి' వచ్చిన 1951లో ఆ వస్తువు మనకు లేదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్క ప్లేట్లుండెడివి. ఒక వైపున మూడు నిమిషములు, కొంచె మటునిటు. పాట యొకటి కావలసిన ఆ ప్లేటు కొనుక్కొందురు. తక్కినవి కొనలేకున్న పొరుగింట వినుట తప్ప గతి లేదు. అయిదారు నిమిషముల పాటను రెండు వైపులకు పంచి, పాట మధ్యలో లేచి ప్లేటు త్రిప్పవలసి వచ్చెడిది. తరువాత నాలుగు పాటలు పట్టు చిన్న ప్లేట్లు, ఆపైన వైపునకు ఇరువది నిమిషములకు పైగ పట్టు పెద్ద ప్లేట్లు వచ్చినవి. అప్పుడు గాని ఒక చిత్రపు పాటలన్నియు ఒకచోట చేరలేదు. చేరినప్పుడును కంపెనీవారు ఏరినవే చేరినవి. పద్యములకు చోటు చాలలేదు. 1963 నాటి 'లవకుశ'లో ముప్పదికి పైగ పాటలు పద్యములు గలవు. అందు పద్యములను తీసివేసి స్థానము కట్టిన అది 'లవకుశ' కాదు. పద్యనాటకములకు తెల్లవార్లు కూర్చున్న గంజాం తెలుగువారికి ఆ మాట వేరుగ చెప్పనక్కరలేదు. ఇక మేము పెరిగినది క్యాసెట్ల కాలమున. ఒక వైపు ఒక చిత్రము, రెండవ వైపు మరియొక చిత్రము. ఏ వ్యాపారి ఏ రెండింటిని జత చేసెనో ఆ రెండును మాకు జన్మాంతర బంధువులైనవి. టేపు చిక్కుపడిన పెన్సిలు పెట్టి చుట్టుకొనెడివారము. ఇప్పుడు చేతి ఫోనులో వేయి చిత్రములున్నవి గాని, మొదటి పాట నుండి కడపటి పాట వరకు వరుసగ వినువారెవ్వరు? విడి విడి పాటలను విని, సంపుటమునకు స్థానము కట్టుచున్నారు. ఈ పట్టికలోని ముఖ్య దోషము మా దృష్టిలో ఇదియే.

సంపుటమనగా వరుస గల కూర్పు. ప్లేట్లు పుట్టక పూర్వమే మనకది యున్నది. త్యాగరాజస్వామి పంచరత్నములను తిరువయ్యారులో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగముల వరుసననే పాడుదురు. మొదటిది సంస్కృతమున, తక్కిన నాలుగును తెలుగున నున్నవి. శ్రీరాగ కీర్తన యందు భక్తి యెక్కువ గలవారెందరో గలరు. అంత మాత్రమున దానిని ముందు పాడరు. మన గంజాం సీమలోనే చూడుడు. ఆఠగడ ఆస్థానమున నుండిన కవిసూర్య బలదేవ రథుగారు రచించిన 'కిశోర చంద్రానన చంపువు'న 34 పాటలు. కకారము మొదలు క్షకారము వరకు ఒక్కొక్క హల్లునకు ఒక్కొక్క పాట. రాధ, కృష్ణుడు, నడుమ చెలికత్తె లలిత. ఏ పాట లేకున్నను అక్షరమాల తెగును, కథయు తెగును. పొరుగు భాషవారి సొత్తు గదా యని మనలో చాలమంది దానిని విని యుండరు. ఇంత కాలము ఇక్కడ కాపురముండి వినకుండుట మనకు శోభ కాదు. జయదేవుని అష్టపదులు ఇరుగుపొరుగు లిద్దరివియు నైనట్లే ఇదియును కావచ్చును.

ఈ కొలతతో, అనగా మొదటి నుండి చివర వరకు ఒక కూర్పుగ నిలుచునా లేదా యని చూచిన, మా వరకు మాకు 'మల్లీశ్వరి'యే మొదటిది. ముసలివారి పక్షము వహించుచున్నామని యువకులు అనవద్దు. మేము పుట్టునాటికి ఘంటసాలవారు గతించి కొన్ని యేండ్లైనది. మా బాల్యమునకు ఆ చిత్రముతో సంబంధము లేదు. కారణములు చెప్పెదము. చిత్రమునకై పాటలు వ్రాసినది ఒక్క కవి, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు. సినిమాకు వారు వ్రాయుట అదియే మొదలు. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారు. పాత్ర ధరించిన భానుమతిగారే తన పాటలను తాను పాడుకొనిరి. రామారావుగారికి ఘంటసాల. బి.ఎన్. రెడ్డిగారు చిత్రము నడిపించిన నెమ్మదియు పాటల నెమ్మదియు ఒక్కటియే. బావామరదండ్రు ఎడ్లబండి మీద నింటికి తిరిగి వచ్చు పాటలో నున్న తొందర, తరువాత మేఘమును పలుకరించు పాటకు వచ్చునప్పటికి ఎంత నిలకడగ మారినదో, నడుమ కథ తెలియనివారికి కూడ ఆ రెండు పాటలు వరుసగ వినిన తెలియును. ఆ మాటలలో కష్టమైన సంస్కృతము లేదు. అంగడిలో దొరకు మాటయు లేదు. పన్నెండేండ్ల పిల్లకు అర్థమగును, అరువదేండ్లకు మరియొక విధముగ అర్థమగును. ఆ చిత్రము చైనా దేశమున కూడ చూపబడినదన్న, అచ్చటివారికి మాట తెలియకున్నను పాట తెలిసియుండునని మా నమ్మకము. ఇక కథ కృష్ణదేవరాయల కాలపుది. రాయలవారు గజపతి ప్రతాపరుద్రుని అల్లుడు. ఆ లెక్కన ఈ దేశమునకు కూడ అల్లుడే. అల్లునికి పెద్దపీట వేయుటలో తప్పు లేదు.

'మాయాబజార్' రెండవది. దీని విషయమున ఒక చిక్కున్నది. సంగీతము ఘంటసాలవారిదని ప్లేటు మీద నుండును. కాని మొదట ఆ పని చేపట్టిన సాలూరివారు నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకొనిరి. వెన్నెలలో పడవ పాట వాటిలోనిది. ఘటోత్కచుని విందు పాటకు మూలము సురభివారి నాటకపు రికార్డు. ఇన్ని చేతులు పడియు ఒక చేతి పని వలె కనబడుట పింగళి నాగేంద్రరావుగారి మాట వలన. ఆయన పుట్టినది రాజాం. సాలూరివారు సాలూరు దాపున శివరామపురము. ఘంటసాలవారు విద్య నేర్చినది విజయనగరము సంగీత కళాశాలలో. సుశీలగారు పుట్టినది, చదివినది ఆ విజయనగరముననే. రైలెక్కి ఇచ్ఛాపురము, పలాస, శ్రీకాకుళము రోడ్డు దాటిన వచ్చు ఊళ్లివి. మనము దూరమున నున్న తెలుగువారమని అనుకొనుచుందుము గాని ఈ పాటలకు మన మెంత దగ్గరివారమో చూడుడు. పింగళివారు కల్పించిన 'గింబళి', 'తసమదీయులు' వంటి మాటలను, అక్షరము రాని మన పిల్లలు కూడ ఈనాడు ఆటలలో వాడుచున్నారు. ఏ వాచకమునకు దొరకిన భాగ్యమిది?

'శంకరాభరణం' విషయమున మాకు కొంత శంక. 1980 ఫిబ్రవరి 2న విడుదలయిన ఆ చిత్రమునకు జాతీయ బహుమతులు సంగీత దర్శకులు కె.వి. మహదేవన్‌గారికి, బాలసుబ్రహ్మణ్యముగారికి, వాణీ జయరామ్‌గారికి వచ్చినవి. (దర్శకులు విశ్వనాథ్‌గారు 2023లో అదే ఫిబ్రవరి 2వ తేదీన గతించిరి. రెండు దినములకే వాణీ జయరామ్‌గారును.) అయితే అందలి కూర్పులో భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యులుగారి కీర్తనలు గలవు. ఆ కీర్తనల గొప్పతనమును చిత్రపు ఖాతాలో జమ కట్టవచ్చునా? వేటూరివారి పాటలను మాత్రము విడదీసి తూచవలెనా? మా యభిప్రాయము, కలిపియే తూచవలెనని. పాతవాని ప్రక్కన తన క్రొత్త పాట వెలవెలబోకుండ నిలుపుట సామాన్యము కాదు. మూడవ పీట దానికి. 'దేవదాసు'కు నాలుగవది. సంగీతము కూర్చుచుండగనే సి.ఆర్. సుబ్బురామన్‌గారు 1952లో, ముప్పది యేండ్లయినను నిండక, కన్ను మూసిరి. శిష్యులు విశ్వనాథన్, రామమూర్తిగారలు మిగిలినది పూర్తి చేసిరి. చిత్రము 1953లో వచ్చినది.

'జయభేరి', 'మిస్సమ్మ', 'జగదేకవీరుని కథ' అను మూడింటిని మే మెక్కువ చర్చింపము. మూడవ దానిలోని దర్బారీ కానడ పాట యొక్కటి ఆ చిత్రమును మోయుచున్నదని మా యనుమానము. ఒక్క పాటతో సంపుటము కాదు. 1967 నాటి 'రహస్యం' మాత్రము ఎవరి పట్టికలోను లేదు. చిత్రము నడువలేదు గనుక పాటలును మరుగున పడినవి. మల్లాది రామకృష్ణశాస్త్రిగారి మాట, ఘంటసాలవారి స్వరము. అందలి గిరిజా కల్యాణ యక్షగానము వినినవారు దానిని పదింటిలో చేర్చకుండ నుండలేరు. గిరాకికి, సరుకునకు భేదమని పైన వ్రాసినది ఇందులకే. ఇక 'సాగరసంగమం', 'గీతాంజలి'. ఇళయరాజాగారికి 1983 నాటి 'సాగరసంగమం'నకు జాతీయ బహుమతి వచ్చినది, న్యాయముగనే వచ్చినది. 1989 నాటి 'గీతాంజలి' వాద్యముల కూర్పున దానికన్న ఒక మెట్టు పైనున్న నుండవచ్చును. యువకులు చూపిన కారణములలో కొన్ని మేము కాదనలేము. కాని ఆ పాటలలో మాట వాద్యమునకు దారి యిచ్చి ప్రక్కకు తొలగుచున్నది. అదియు నొక అందమే. మాట కొరకు తెలుగు పాటను ఆశ్రయించుకొని యున్న మన వంటివారికి ఆ యందము ముందు పీటకు చాలదు. విజయవాడలోనో హైదరాబాదులోనో నుండిన మా పట్టిక వేరుగ నుండెడిదేమో.

నిన్న మొన్నటి పాటల మీద మాకు ద్వేషము లేదు. 2023లో కీరవాణిగారు, చంద్రబోసుగారు అమెరికాలో ఆస్కారు బహుమతి నందుకొన్ననాడు మన వీధులలో ఒడియా మిత్రులు కూడ మనకు అభినందనలు చెప్పినారు. అది మన పాటకు జరిగిన గౌరవమని వారే ముందు అనినారు. కాని పాట వచ్చి రెండేండ్లు కాకమునుపే స్థానము కట్టుట, చింతకాయ పచ్చడి పెట్టిన నాడే రుచి చూచి తీర్పు చెప్పుట వంటిది.

ఇప్పుడు ప్రతిపాదన విషయము. చీట్ల వోటు వలదు. దానికి మారుగ, ఉగాదికి ముందు నాలుగు ఆదివారములు సాయంకాలము మందిరమున వాదసభలు జరుపుదము. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్కరు వకాల్తా పుచ్చుకొనవలెను. వారు ఆ చిత్రపు పాటలన్నియు, పద్యములతో సహా, వరుసగ వినియుండవలెను. అందు ఒక చరణమైనను చూడకుండ చెప్పి, దాని నెవరు వ్రాసిరో చెప్పి, ఆ చరణమును నల్లబల్ల మీద తెలుగు లిపిలో తమ చేతితో వ్రాయవలెను. వ్రాయలేనివారు వ్రాయగల పెద్దను ప్రక్కన నిలబెట్టుకొనవచ్చును గాని ఒక్క సభకు మాత్రమే. రెండవసారి తామే వ్రాయవలెను. ఎదుటివారు ప్రశ్నలు వేయవచ్చును. 'గీతాంజలి' పక్షమున నిలిచిన పిల్లవాడు వేటూరివారి చరణము తప్పు లేకుండ వ్రాసి, మా 'మల్లీశ్వరి'ని ఐదవ స్థానముననే యుంచినను మేము చప్పట్లు కొట్టుదుము. స్థానముల పట్టికను పత్రికలో వేయనక్కరలేదు. ఆ వాదములను వేయుదము. గానసభలో పది చిత్రములకు బదులు, వకాల్తా దొరకిన ప్రతి చిత్రము నుండి ఒక పాట పాడింతము. చివర బలదేవ రథుగారి చంపువులో నొక్కటి పాడుటకు మన పట్టణపు ఒడిస్సీ గాయకుల నెవరినైన పిలిచిన బాగుండును. పిలిచిన రానివారు కారు.

ఖర్చు విషయము కొందరడిగినారు. మైకు, దీపము, కాఫీ తప్ప ఖర్చు లేదు. ఆ నాలుగు ఆదివారముల కాఫీ ఖర్చు మాది.

మరియొక మనవి. మన యిండ్ల అటకల మీద పాత ప్లేట్లు ఇంకను గలవు. ఇనుప సామానుతో పాటు తూకమునకు వేయుచున్నారని వినుచున్నాము. లక్క ప్లేటు కింద పడిన పగులును, ఎండకు వంగును. దయచేసి వానిని నిలువుగ నుంచి, గుడ్డ చుట్టి, మందిరమునకు తెచ్చి యిండు. యజమాని పేరు వ్రాసి రసీదు నిత్తుము, కోరినప్పుడు తిరిగి యిత్తుము. సినిమా పాటలే కానక్కరలేదు, నాటక పద్యములు, హరికథలు, ఏవైనను సరే. వానిని వాయించుటకు యంత్రము నొకరు ఎరువిచ్చెదమనినారు. అయితే పెద్ద ప్లేట్లకు వాడు సన్నని సూది 78 చుట్ల ప్లేట్ల గాడికి సరిపడదు, గాడి అడుగున దొర్లి గరగరలాడును, ప్లేటు కూడ చెడును. వానికి లావు సూది వేరుగ నుండవలెను. అట్టి సూది ఎవరి యింటనైన నున్న, వచ్చు ఆదివారములోపల కార్యదర్శిగారికి తెలియజేయ ప్రార్థన.